దింపుడు కళ్లం దగ్గర ఆగిన బండి

నిజాంపేట, 21 ఆగస్టు 1978. సబ్-ఇన్‌స్పెక్టర్ రామ్మోహనరావు గారి ఎదుట చెప్పినది.

నా పేరు రుక్కమ్మ. వయసు ముప్పై నాలుగు. కుట్టుపని చేస్తాను. చనిపోయినది నా భర్త. ఆయన పేరు మీరు రెండుసార్లు అడిగారు. మాలో భార్య భర్త పేరు పలకదు. చివర చెబుతాను, రాసుకోండి.

ఆయన జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. రోజూ సైకిల్ మీద పోయేవాడు. నిరుడు నడుముకు దెబ్బ తగిలి సీటు మీద కూర్చోలేకపోయాడు. పనికి పోకుంటే పొయ్యి వెలగదు. అందుకని రెండు పాత సైకిళ్లు కోసి మూడు చక్రాల బండి చేసుకున్నాడు. వెనక్కి ఒరిగి, కాళ్లు ముందుకు చాపి తొక్కాలి. వానకు తడవకుండా వెదురు బద్దలు వంచి గూడు కట్టాడు. దాని మీది తెల్లగుడ్డకు మైనం పూసింది నేనే. కుట్టింది కూడా నేనే.

మా అత్త బుచ్చమ్మ చూసి ఏడ్చింది. "కాళ్లు ముందట వెట్టి పండుకొని పోతవా బిడ్డా? గిది పాడె గాదా?"

ఆయన నవ్వాడు. "పాడె మొయ్యనీకి నలుగురు గావాలె అవ్వా. నేనొక్కన్నే తొక్కుకుంట పోత. ఫికర్ జెయ్యకు."

ఈ పొద్దున సద్ది ఇంట్లోనే మరిచి పనికి బయలుదేరాడు. నేను తీసుకొని వెనకే నడిచాను. శ్మశానం మలుపులో, దింపుడు కళ్లం దగ్గర బండి ఆగి ఉంది. పాడె దించి, ప్రాణం ఉందేమోనని అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పిలిచే చోటు అది. ఆయనకు గుండెనొప్పి వచ్చిందని తరువాత దవాఖానలో చెప్పారు.

దారిన పోయేవాళ్లు దండం పెట్టి పక్కకు జరిగిపోతున్నారు. పూలమ్మే చంద్రమ్మ నన్ను చూసి పరుగున వచ్చింది. "ఎవ్వరిదో పీనుగనుకున్న అక్కా. మోసేటోళ్లు నీళ్లకు పోయిన్రనుకున్న. మొకం దిక్కు జూడకుంట రొమ్ము మీద బంతిపువ్వు వెట్టి దండం వెట్టిన."

నేను చూసేసరికి ఆ పువ్వు ఆయన పిడికిట్లో ఉంది. గట్టిగా పట్టుకొని ఉన్నాడు.

చంద్రమ్మ మీద కేసు రాయకండి. నాకు ఎవరి మీదా అనుమానం లేదు. ఆ గూటికి తెల్లగుడ్డే ఎందుకు కుట్టానా అని ఒక్కటే ఏడుపు.

పదహారేళ్ల కాపురంలో ఎన్నడూ పలకని పేరు ఆయన చెవిలో మూడుసార్లు పిలిచాను. ఆయన పలకలేదు. ఇప్పుడు మీ కోసం నాలుగోసారి చెబుతున్నాను. బాలనర్సయ్య.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

రుక్కమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర