మగ్గాలు ఆగిన నాటి ఆట: ద్రౌపదీబాయి గారికి అభినందన

"ఈ బాయి మన పిల్లల కాళ్ళో చేతులో ఇరగ్గొట్టేదాక ఊకోదు, చూడుండ్రి!"

1970 జూన్ 15వ తేదీ ఉదయం శ్రీమతి ద్రౌపదీబాయి గారు మా కళాశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరిన నాడు, చంకలో బంతితో వారు గేటు దాటి వస్తుండగా నేను పైకే అన్న మాట ఇది. అప్పటికి వారు ఎవరినీ పరుగెత్తించలేదు, ఎవరూ పడలేదు. అయినా నా చంకలో నా బిడ్డ, ఏడాది పిల్ల లలిత ఉన్నది. భయపడడానికి నాకు అంత కారణం చాలు.

ఇరవయ్యారు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం బాయిగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, "నర్సమ్మా, అభినందన సంచికల నువ్వు గూడ రాయాలె. బాయిని అందరికన్న దగ్గెర చూసినదానివి" అని ప్రిన్సిపాల్ రామచంద్రం సారు ఆదేశించారు. తెలుగు బడిలో ఏడో తరగతి వరకే చదివి, ఈ కళాశాలలో సేవికగా పనిచేస్తున్న నాకు ఇది పెద్ద గౌరవం. అక్షరదోషాలుంటే పెద్దలు మన్నించాలి. అసూయ కనబడితే మాత్రం దానిని దోషంగా ఎంచవద్దు. అది ఉన్నది, దాచితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

మా మైదానం దాజీ పేట్‌లో మరమగ్గాల షెడ్ల నడుమ ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. ఆ మోతలో రిఫరీ ఈల పక్కనున్నవారికే వినబడదు. అందుచేత బాయిగారు తొలి సంవత్సరాలలోనే మా పిల్లలకు చెవులను నమ్ముకోకుండా కళ్ళతో ఆడడం నేర్పారు. బంతి ఇచ్చేముందు ఒక చూపు, అందుకునేముందు ఒక చూపు. పిలుపు లేదు, కేక లేదు. మా ఆడపిల్లలు కళ్ళతోనే అంత మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడ్డ తల్లులకు ఏమీ అర్థమయ్యేది కాదు. నాకు అదొక గుబులు.

1987లో నా బిడ్డ లలిత కళాశాలలో చేరి, నేను వద్దన్నకొద్దీ జట్టులో కూడా చేరింది. మా ఇండ్లలో ఆడపిల్లలు చదువుకుంటూనే బీడీలు చుడతారు. బీడీ మూతి మడవడానికి చూపుడువేలి గోరు పెంచుతారు. ఆ సంవత్సరం పోటీలో రిఫరీ చేతులు చూసి, గోళ్ళున్నవారు ఆడరాదని జట్టునంతా ఆపాడు. పిల్లలు అక్కడికక్కడే పండ్లతో కొరుక్కొని ఆడారు, ఓడారు. మరునాడు చుట్టిన బీడీలకు మూతులు సరిగా మడతపడక, కార్ఖానాలో సగానికి సగం తిప్పి పంపారు. బాయిగారు రేకుపని పెంటప్పతో పిల్లలందరికీ వేలికి తొడుక్కునే రేకు గోర్లు చేయించారు. అసలు గోళ్ళు తామే కూర్చొని కత్తిరించారు. పదేళ్ళు దాటిన నాటి నుండి నా ముందు చేయి చాపని బిడ్డ, బాయిగారి ఒడిలో పది వేళ్ళూ పెట్టి కూర్చున్నది.

"నేను తీస్తే ఏమైతదే?" అని అడిగాను.

"నీ చెయ్యి వణుకుతదమ్మా. గోరు పొయ్యి వేలొస్తది" అన్నది. పిల్లలందరూ నవ్వారు. బాయిగారు నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

ఇక వారి సేవలో మకుటాయమానమైన కార్యం ప్రవేశ పోటీ సంస్కరణ. అంతర్‌కళాశాల బాస్కెట్‌బాల్ పోటీలో ఆరు పెద్ద కాలేజీలకు నేరుగా ప్రవేశం ఉండేది. మిగిలిన రెండు చోట్ల కోసం మాలాంటి నాలుగు చిన్న కాలేజీలు ముందుగా ఒక్కొక్క ఆట ఆడాలి. ఓడితే ఇంటికి. గెలిస్తే ఆ సాయంత్రమే, అలసిన కాళ్ళతో, హాయిగా నిద్రపోయి వచ్చిన పెద్ద కాలేజీతో తలపడాలి. ఏడాది సాధన ఒక్క పూటలో ముగిసేది. 1988లో పోటీల సంఘం సమావేశం మా కళాశాలలోనే జరిగింది. చాయ్ అందించినదానను గనుక ఆ సంభాషణ నేను చెవులారా విన్నాను.

"ఓడినోళ్ళకు మళ్ళ ఆటేంది బాయీ? ఓడినోడు ఇంటికి పోవాలె" అన్నారు అధ్యక్షులు.

"ఏడాదికి ఒక్క ఆట ఆడి ఇంటికి పోతే ఏం నేర్సుకుంటరు సార్? నాలుగు జట్లు అందరితోని ఆడనియ్యుండ్రి. ఎక్కువ గెలిచిన రెండు పైకి పోతయి. అసలు పోటీకి ముందే ఇదంత అయిపోవాలె."

"అంటే ఆరు ఆటలు! మైదాన్ ఎవలిస్తరు?"

"మాదే ఇస్త."

"మీదా? ఆ మోతల ఈల ఎవనికి ఇనబడుతది?"

"వారం సెలవునాడు మగ్గాలు ఆగుతయి గద సార్. ఆ దినం మూడు ఆటలు, మళ్ళొచ్చే సెలవుకు మూడు."

నేను చాయ్ పోయడం ఆపాను. "మగ్గాలు ఆగితే పేటంత మైదాన్ కాడికొస్తది బాయీ! మన పిల్లలు అందరి ముంగట ఓడుతరు!" అనేశాను.

"నర్సమ్మా, ముందుగాల చాయ్ పొయ్యి" అన్నారు బాయిగారు. అధ్యక్షులు నవ్వారు. ఆ నవ్వులోనే, ఒక్క ఏడాది చూద్దామని ఒప్పుకున్నారు.

నేను భయపడినట్లే జరిగింది. మగ్గాలు ఆగిన ఆ రోజు నేత పనివారందరూ మైదానం చుట్టూ చేరారు. మోతకు అలవాటుపడిన మా పిల్లలు ఆ నిశ్శబ్దానికే బెదిరారు. ఆట ఆఖరున, ఎవరి అడ్డూ లేకుండా నిలబడి బంతి వేసే ఫ్రీ త్రో లలితకు వచ్చింది; గెలుపోటములు దానిమీదే ఉన్నాయి. నేను ఎప్పటిలాగే కొంగు ముఖం మీదికి లాక్కొని కళ్ళు మూసుకున్నాను. బంతి ఇనుప చట్రానికి తగిలిన చప్పుడు, వెంటనే పేట మొత్తం 'అయ్యో' అన్న చప్పుడు విన్నాను.

ఇంటికి వచ్చి, "నేను చెప్పలేదానే?" అన్నాను. లలిత బీడీల చాట ఒడిలోకి లాక్కున్నది. ఆ రోజు మొదలు నాతో మాట్లాడడమే మానేసింది. అడిగినా బీడీలు చుడుతూ కూర్చునేది. పిల్ల ఏమైపోతుందోనని నాకు అన్నం సయించలేదు. పాత పద్ధతి అయితే ఆట అక్కడితో ముగిసేది. కొత్త పద్ధతిలో ఇంకా రెండు ఆటలున్నాయి, పిల్లకు మాత్రం నోరు లేదు.

బాయిగారు మా ఇంటికి వచ్చారు. ఉపదేశమేమీ చేయలేదు. చాట ఒకటి ఒడిలోకి తీసుకొని లలిత పక్కన కూర్చొని బీడీలు చుట్టసాగారు. వారు కూడా చాటల నడుమ పెరిగినవారే. నేను చాయ్ చేసి తెచ్చేసరికి ఇద్దరూ గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి ఆపారు. ఆనాడు రగిలిన అసూయ ఈనాటికీ పూర్తిగా చల్లారలేదు.

"నా బిడ్డకు ఏం మందు పెట్టినవ్ బాయీ? నాతోని లేని ముచ్చట నీతోని ఏంది?"

"చాయ్‌ల అల్లం మస్తుగుంది నర్సమ్మా" అన్నారు వారు.

మరుసటి సెలవునాడు మావాళ్ళు ఉదయం ఆట గెలిచారు. సాయంత్రపు ఆటలో మళ్ళీ ఆఖరున లలితకే ఫ్రీ త్రో. కొంగు కింద చీకటిలో నేను ఇనుము చప్పుడు కోసం ఎదురుచూశాను. అది వినబడలేదు. పేట దద్దరిల్లింది. మా కళాశాల తొలిసారి అసలు పోటీకి వెళ్ళింది, అక్కడ ఓడింది. కాని ఆ పద్ధతి నిలిచింది, నేటికీ నడుస్తున్నది. లలిత ఇప్పుడు భవాని పేట్‌లో ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. పెండ్లికొడుకు ఫోటో వచ్చినప్పుడు కూడా నాకన్నా ముందు బాయిగారికే చూపించింది.

ఇట్టి ఉత్తమ గురువు, మోకాళ్ళు పట్టేయకుండా, చూపు మందగించకుండా, తడి మెట్ల మీద జారిపడకుండా, మనుమల నడుమ నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా వర్ధిల్లాలని ఆ మార్కండేయుని మనసారా ప్రార్థిస్తున్నాను. ఎంత కుళ్ళుకున్నా, ఈ ప్రార్థనలో కల్తీ లేదు.

నిన్న సాయంత్రం ఆటల గది మూసేటప్పుడు మళ్ళీ అడిగాను. "ఇగ పోతున్నవ్ బాయీ. ఇప్పుడన్న చెప్పు. ఆనాడు నా బిడ్డ నీతోని ఏమన్నది?"

బాయిగారు బంతులను వలసంచిలో వేసి, మూతి కట్టి, మేకుకు తగిలించారు. బయట మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. నేను ఒక కిటికీ మూశాను, రెండోదీ మూశాను. ఎప్పటిలాగే చెప్పరనుకొని తాళం చేతిలోకి తీసుకున్నాను.

"'మా అమ్మ ఎన్నడన్న కండ్లు తెరిచి నా ఆట చూస్తదా బాయీ?' అన్నది నర్సమ్మా. ఓడిననాడు బంతి ఏసేముంగట నీ దిక్కే చూసిందట. నువ్వు కొంగు కప్పుకొని ఉన్నవట. మళ్ళ సెలవునాడు నీ దిక్కు చూడ భయపడి, నా దిక్కు చూసి కండ్లతోని అడిగింది. 'మీ అమ్మ కండ్లు తెరిచింది' అని తల ఊపిన."