నవ్వని మనిషికి నవ్వుల పేజీ

నా రిటైర్మెంటు సభకు అధ్యక్షత వహిస్తున్న మా వారపత్రిక యజమాని గారికి, నాకంటే ముందే రిటైరై నాకంటే కుర్రగా కనబడుతున్న పెద్దలకి, రచయిత మిత్రులకి, రెండో వరసలో అప్పుడే కునికిపాట్లు పడుతున్న మా వారికి నమస్కారం. (నవ్వులు) పక్కనున్నవాళ్లు దయచేసి ఆయన్ని లేపకండి. ఇంట్లో నా ప్రసంగాలు విని విని ఉన్నారు, ఇవాళైనా కాస్త విశ్రాంతి ఇద్దాం.

ముందుగా నా జ్ఞాపిక గురించి ఒక మాట చెప్పాలి. యజమాని గారు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. ఇందాక మైకు బాగుచెయ్యడానికి వేదికెక్కిన ఎలక్ట్రీషియన్ తమ్ముడి చేతిలో నా జ్ఞాపిక పెట్టి, వీరి సేవలు మరువలేనివని చెప్పి, ఫొటో కూడా దిగారు. తమ్ముడు పెద్దాయన మాట కాదనలేక మైకు అందుకుని, అందరికీ థాంక్స్ చెప్పి, ఈ హాలు వైరింగుతో తను పడుతున్న అవస్థ కూడా చెప్పుకుని దిగాడు. (పెద్ద పెట్టున నవ్వులు) ఉంచుకో నాయనా, మైకు పనిచేస్తోంది, నీకు చెందాల్సిందే.

దీన్ని మా ఆఫీసులో ప్రహసనం అంటాం. మొదటి ట్రే. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, నవ్వుల పేజీకి వచ్చే కథల కోసం నా బల్ల మీద ట్రేలు ఉండేవి. ఏ కథ ఎందులోకి వెళ్లాలో తేల్చేది నేను కాదు, సాయంత్రం టీ. టీ రాగానే అందరం చేరితే ఒకరు కథ పైకి చదివేవారు. ఎవరి చేతిలో టీ అయినా ఒలికిందా, అది ప్రహసనం: మంచం కింద దాక్కునేవాళ్లు, ఒకరనుకుని ఇంకొకరికి పెట్టే దండాలు. నవ్వబోతూ అందరూ ఒకసారి యజమాని గారి గది వైపు చూశారా, అది వ్యంగ్యం. (నవ్వులు) అయ్యా, మీరూ నవ్వుతున్నారు గనక ధైర్యంగా చెప్పేస్తున్నాను. నవ్వేశాక సిగ్గుపడి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తే అది చావు ఇంట్లో పుట్టే హాస్యం, దాని ట్రే కిటికీ పక్కన పెట్టేదాన్ని. ఇక పేరడీ సంగతి. మన సీరియల్ రచయిత గారి శైలిని ఎవరో ఆటపట్టిస్తూ రాస్తే, అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. పాపం ఎవడో గానీ బాగా దొరికాడు అన్నారు. (నవ్వులు) ఇవాళ కూడా ఆయనే గట్టిగా నవ్వుతున్నారు, నేనేం చెప్పను.

కొన్ని కథలకి ఆఫీసులో ఎవరూ నవ్వేవారు కాదు. మొగుడూ పెళ్లాం గొడుగు కోసం పోట్లాడుకుని ఇద్దరూ తడిసి ఇంటికి రావడం, అలాంటివి. మర్నాడు అకౌంటెంటు గారు మెట్లెక్కుతూ ఉన్నట్టుండి ఆగిపోయి, ఆ గొడుగు గుర్తొచ్చి ఒక్కరే నవ్వుకునేవారు. వాటికి ట్రే లేదు. నా సొరుగులో పెట్టుకునేదాన్ని. నాకు వాటి మీదే ప్రాణం.

ఇంతకీ కథ చదివే మనిషి ఎవరనుకున్నారు? ఆ మూల కుర్చీలో, ఎవరో తిట్టినట్టు కూర్చున్నారే, మా ప్రూఫ్ రీడర్. ఆఫీసంతా ఆయన్ని గంభీరం గారంటుంది. చదివేవాడు ముందే నవ్వితే వినేవాళ్లు మొహమాటానికి నవ్వుతారు. ఈయన కరెంటు బిల్లు చదివినట్టు చదివేవారు. అయినా జనం పొట్ట పట్టుకున్నారంటే, ఆ కథలో సరుకున్నట్టే.

ఇప్పుడు అసలు విషయం. (ఆగి) సోమవారం యజమాని గారు పిలిచి, మీ తర్వాత ఆ పేజీ చూసే మనిషి ఈ సభ ముగిసేలోగా దొరక్కపోతే అక్కడ వంటింటి చిట్కాలు వేస్తామన్నారు. నేను నవ్వుతూనే బయటికొచ్చి, నేరుగా ప్రూఫుల గదికి వెళ్లాను. గంభీరం గారిని బతిమాలాను. నాకు నవ్వడమే రాదమ్మా, నవ్వుల పేజీ ఏం చేసుకోను అన్నారు. ఆ రోజు నుంచి నాకు కంటికి కునుకు లేదు. మా వారు ఇప్పుడు పోతున్న నిద్రంతా నా వాటాదే అనుకోండి.

కానీ ఇందాక ఎలక్ట్రీషియన్ తమ్ముడు మాట్లాడుతుంటే హాలంతా ఊగిపోయింది, గంభీరం గారు మాత్రం ఆ మూల నుంచి లేచొచ్చి, నా చెవి దగ్గరికి వంగి ఒక మాటన్నారు: "జ్ఞాపిక అందుకోగానే ఆపెయ్యాల్సింది మేడం. వైరింగు సంగతి అదనం." (నవ్వులు, చప్పట్లు) విన్నారా? మనమంతా నవ్వుతుంటే ఆయన కథ దిద్దుతున్నారు. నవ్వు ఎక్కడ అయిపోయిందో తెలిసినవాడే కదండీ ఆ పేజీకి కావలసింది. గంభీరం గారూ, ఇంతమందిలో అడుగుతున్నాను. ఆఫీసులో నా బల్ల వెనకాల కుర్చీ నాకు ఇల్లు. అందులో పరాయి మనిషి కూర్చున్నా ఓర్చుకుంటాను, నా పేజీలో వంకాయల మీద మచ్చలు పోగొట్టడం ఎలాగో చదవాల్సొస్తే మాత్రం ఓర్చుకోలేను. ఏమంటారు?

(మూలనుంచి ఆయన లేచి నిలబడతారు.)

ఏమిటండీ? మైకులో చెప్పండి. తమ్ముడూ, ఆ మైకు అటివ్వు.

"ప్రసంగం పొడుగైంది మేడం. ఇంత పొడుగు నా పేజీలో పట్టదు. కృతజ్ఞతలు ఒక్క వాక్యంలో చెప్పి దిగిపోండి."

(చప్పట్లు. చాలాసేపు.)

నా పేజీ అన్నారు. అయ్యా యజమాని గారూ, విన్నారుగా, నా పేజీ అన్నారు. ఉండండి, కళ్లు తుడుచుకోనివ్వండి... సరే, సరే, దిగుతున్నాను, ఆయన గడియారం చూస్తున్నారు. నాతో నవ్వినవాళ్లందరికీ, నన్ను చూసి నవ్వినవాళ్లకీ కృతజ్ఞతలు. సెలవు.