సీటు ముందుకు

షెడ్డులో ట్రాక్టరు పక్కన మెకానిక్ పానా పట్టుకుని కూర్చున్నాడు. ట్రాక్టరు యజమాని భార్య ఎదురుగా నిలబడింది. ట్రాక్టరు వెనక తిరుగుతూ మట్టి గుల్లచేసే రోటవేటర్‌లో పడి ఆమె భర్త ఎడమకాలు పోయింది.

"సీటు బాగా ముందుకు జరుపు అన్నయ్యా. నా కాలు క్లచ్చికి అందడం లేదు."

"నువ్వు తోలతావా?"

"మరి ఎవరు దున్నుతారు? నువ్వొస్తావా?"

"అది కాదమ్మా. బావ పొడుగు మనిషని, కొన్న రోజునే సీటు చివరికంటా వెనక్కి జరిపింది నేనే. మళ్లీ ఎవరూ కదపలేదు."

"తెలుసు."

"పైగా బావకి మాటిచ్చాను. క్లచ్చి చేత్తో నొక్కేలా కడ్డీ బిగిస్తానన్నాను."

"బిగించగలవా?"

"ఆస్పత్రిలో ఆ మొహం చూసి ఏమనమంటావు? నోటికొచ్చింది అనేశాను."

"నమ్మినట్టే తలూపారులే."

"అందుకే చెబుతున్నా, సీటు జోలికి పోవద్దు. బావ మంచం కిటికీ పక్కనే కదా. చూస్తే ఉసూరుమంటాడు. నీకు వెనక దిండు కట్టిస్తాను."

"దిండు జారిపోతుంది. విప్పు."

"ఆయన్ని ఒక్క మాటైనా అడిగావా?"

"నాకు నోరు రాలేదు అన్నయ్యా."

"మరి?"

"పొద్దున ఆయనే అన్నారు. సీటు నట్లు తుప్పు పట్టుంటాయి, ముందు కిరసనాయిలు పోసి నాననిమ్మని నీకు చెప్పమన్నారు."