రాకుమారి జడ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. సేలం జిల్లా ధర్మపురిలో, వీధినాటకాలాడే కూత్తు మేళం వాళ్ల పాకలో ఆ మధ్యాహ్నం ఇద్దరే మిగిలారు: ఆట నేర్పే వాద్యారు, చిన్నప్పటినుంచీ ఆడవేషం కడుతున్నవాడు.

“ఏట్లో కొట్టుకొచ్చిన వెంట్రుకని చూసి రాజు కొడుకు మనసు పడతాడే, ఆ కతని తెల్లవార్లూ ఆడబోతున్నాము. మాటల్లేవు. అంతా అడుగుల్లోనే చెప్పాల. బెంగుళూరులో అట్లే ఆడతా ఉండారు.”

“మంచిది వాద్యారూ. రాకుమారి అడుగులు చూపించండి, ఇప్పుడే పడతాను.”

“రాకుమారికి సేలం నుంచి ఒక పిల్లని పిలిపించినాను. ఆడవేషానికి ఇప్పుడు మగోళ్లని పెట్టరంట.”

“మరి నేను?”

“నువ్వు తాళం పట్టు.”

“ఈ వేషం కోసరమే గదా నన్ను జుట్టు పెంచమంటిరి. నడుము దాకా జడుండేవాడికి పిల్లనిచ్చేది లేదని సోగత్తూరోళ్లు మొగం మీదనే చెప్పిరి. మీరూ పక్కనే ఉంటిరి.”

“ఉంటిని. ఆ జుట్టు గురించే మాట్లాడాల.”

“ఇంకేం మాట?”

“ఆ పిల్లకి జడ పలచన. వెంట్రుక కతలో జడ లేకుంటే జనం నవ్వుతారు. నీది కోసి ఇస్తే సవరం కట్టిస్తాను.”

“కత్తెర తెచ్చుకోనే వచ్చినారా?”

“తెచ్చినాను.”

“కోయండి. ఆట దినం మాత్రం నన్ను తాళానికి పిలవొద్దు. పాలకోడు ఊరికి పోతాను.”

“ఎందుకురా?”

“ఆ వెంట్రుక ఎవరిదని రాజు కొడుకు వెతకతా వస్తాడు గదా. నేను ఎదురుగా కూర్చోనుంటే మీ కత చెడిపోతుంది.”