గోళ్ళరంగు చుక్క

హలో… ఆ ఆ, నేనే. కుట్టుమిషన్ ఆవిడనే. పెట్టేయకండి మెకానిక్ గారూ, ఒక్క నిమిషం.

…మళ్ళీ కుట్లు తప్పుతున్నాయి. సూది మార్చాను. దారం సరిగ్గానే ఎక్కించాను… ఈ నెల్లో ఐదోసారా? ఏమో, నేను లెక్కపెట్టలేదు.

ఏ స్క్రూ?… షటిల్ దగ్గరదా? నేనెందుకు ముట్టుకుంటానండీ. కదిపితే తెలిసిపోవాలని మీరే దానిమీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టి వెళ్ళారు కదా. ఆ చుక్క అలాగే ఉంది.

…

అది మీ చుక్క కాదా?

…పోయినసారి వచ్చినప్పుడే చూశారా, రంగు తేడానా. మీది కాస్త నలుపు కలిసిన ఎరుపా…

ఆ రంగు కోసం నాలుగు కొట్లు తిరిగానండీ. దారం రంగు కలపడంలో నాకు పేరు. గుడ్డముక్క చూపిస్తే కళ్ళు మూసుకుని తీసిస్తాను. పోయి పోయి మీ చుక్క దగ్గర దొరికిపోయాను.

…నవ్వారా? లేదా. నవ్వారనుకున్నాను.

అవును, నేనే వదులు చేశాను. ఐదుసార్లూ.

ఎందుకంటే ఏం చెప్పను… బట్టలిచ్చేవాళ్ళు కిటికీలోంచి ఇచ్చి, కిటికీలోంచే పట్టుకుపోతారు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేది మీరొక్కరే. సంచి కింద పెట్టి, "ఏమ్మా, ఏమైంది నీకు" అంటారు చూడండి… తెలుసు, మిషన్నే అడుగుతారు. నన్ను కాదని తెలుసు.

…చొక్కాలా? పోయినసారి బీరువా తలుపు తెరిచి ఉందా…

ఎనిమిది. కొలతలెందుకు, నా చూపే టేపు. సంచి మోసి మోసి మీ కుడిభుజం కిందికి జారింది. దానికి తగ్గట్టే కుట్టాను. వేసుకుని చూస్తే—

…సరే. సరే, ఆ మాట ఎత్తను.

మీ వీధికీ రాను. ఆ రోజు తీగమీద మీ చొక్కా ఆరేసి ఉంటే, చెయ్యి పొడవు చూద్దామని ఆగాను, అంతే. మీ ఆవిడ భయపడిందా?… గంటసేపు కాదండీ… పోనీ, గంటే.

వేరే మెకానిక్ వద్దు. ఒట్టు, ఇక స్క్రూడ్రైవర్ పట్టను. చొక్కాలు కుట్టు కుట్టూ ఊడదీసేస్తాను. మీరు నెలకోసారి వచ్చి నూనె వేసి వెళ్ళండి… పోనీ మూణ్ణెల్లకోసారి… పోనీ ఏడాదికి…

…

నేనే బిగించుకోవాలా. ఎంత, ముప్పావు చుట్టా? బిగించి వదిలేస్తే పదేళ్ళదాకా చూడక్కర్లేదా.

పదేళ్ళు.

…ఉండండి, బిగిస్తున్నాను. అయింది. ఫోన్ మిషన్ పక్కన పెడుతున్నాను, వినండి… తొక్కుతున్నాను… టకటక కొట్టుకుంటోంది కదా?… బాగుందా? సరిగ్గా వినండి. మధ్యలో ఒక కుట్టు తప్పుతోంది. ఇదిగో… ఇప్పుడు… ఆ, ఇప్పుడు చూడండి…

వినపడిందా?

హలో…

హలో…

…

ఏమ్మా. ఏమైంది నీకు.