సార్జెంటు ఫోన్లు

పెనాంగ్‌లో ఒక ఫ్లాటు, ఆరో అంతస్తు. టీవీలో ఇంగ్లీషు డిటెక్టివ్ సీరియల్ వస్తోంది. తెర కింద పడే మలయ్ అక్షరాలను మేనకోడలు చదివి తమ ఇంటి భాష హొక్కియెన్‌లో చెబుతోంది. చదువు రాని అత్త వింటోంది.

"ఇందులో సరుకు అయిపోయిందే తల్లీ."

"అందరూ అదే అంటున్నారత్తా. కింది ఇంటి కూయి లానక్క పన్నెండో భాగంతోనే మానేసింది."

"పన్నెండేమిటి? పంతొమ్మిది దాకా భలేగా ఉంది. ఇరవై నుంచి చెడింది."

"ఇరవై నుంచి చదువుతున్నది నేను."

"నిన్ననడం లేదులే. మీ మామ ఉండి చదివి చెప్పినన్నాళ్లూ సార్జెంటు వారం వారం ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసేవాడు. అన్నం తిన్నావా అని అడిగేవాడు."

"అత్తా, సార్జెంటు పన్నెండో భాగంలోనే చచ్చిపోయాడు. అందుకే జనం చూడ్డం మానేశారు."

"తెలుసు."

"తెలుసా?"

"శవపేటికను గుర్తుపట్టడానికి చదువు కావాలా? మీ మామ నా మొహం చూసి, అది వేరెవరిదో అన్నాడు. సార్జెంటుకి బదిలీ అయిందన్నాడు. అప్పట్నించి ఇన్‌స్పెక్టరు ఫోను తీస్తే చాలు, అవతల సార్జెంటే."

"మరి నువ్వేమీ అనలేదా?"

"ఎందుకంటాను? అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చెవులు ఎర్రబడేవి, మాట తడబడేది. నేను తెర వైపు చూస్తేగా!"

"అత్తా, ఇన్‌స్పెక్టరు ఫోను తీస్తున్నాడు. ఏం చదవను?"

"ఉన్నదే చదువు. సార్జెంటు ఇంక చెయ్యడు."