తెల్లబొమ్మ

తమిళనాట ఉడుమలైపేటలో ఒక నూనెమిల్లు ఆఫీసు. లెక్కలు చూసే మిల్లు యజమాని కోడలు, కంప్యూటరు బాగుచేయడానికి వచ్చిన ఆమె తమ్ముడు తప్ప లోపల ఎవరూ లేరు.

"తెర మీది బొమ్మలన్నీ తెల్లకాయితాలు అయిపోయినాయిరా."

"బొమ్మలు దాచిపెట్టే ఫైలు, ఐకాన్ క్యాష్, చెడినాది అక్కా. దాన్ని డిలీట్ చేసి రీస్టార్ట్ చేస్తే సరి. చూడు, వచ్చేసినాయి."

"ఈ మైకు బొమ్మ ఏమిటిది? ఎప్పుడూ చూడలేదే."

"ఈడ మాట్లాడేదంతా రికార్డు చేసి ఫోనుకి పంపేది. ఎవరు వేసిరి?"

"మామే వేసుంటారు. క్లర్కుల మీద సందేహమనిరి."

"నువ్వు ఈడనుంచి ఎవరితోనన్నా మాట్లాడితివా?"

"అమ్మతో. పాపను తీసుకుని ఈ ఇల్లు విడిచి వచ్చేస్తానంటిని. తమిళంలో కాదు, మన తెలుగులోనే. క్లర్కులకి తెలియకూడదని."

"మీ మామ ఇంట్లో మాట్లాడేది ఏ భాష అక్కా?"

తెర మీద మైకు పక్కన ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.